సిల్కీయా, కొచ్చిన్ బాంటమా, సెబ్రైటా? హైదరాబాద్ డాబాకు సరిపడే కోడి

అందం కోసం బాంటం (పొట్టి రకం) కోళ్లు పెంచుదామనుకునేవాళ్లందరూ ఫొటోలు చూసే మొదలుపెడతారు. ఫొటోలో కనిపించేది ఆ విడతలో అన్నిటికన్నా బాగా వచ్చిన పక్షి. దానితో పాటు పుట్టిన తోబుట్టువులను ఎవరూ ఫొటో తీయరు. అందుకే జాతిని ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది అందం గురించి కాదు, లెక్క గురించి. పది పిల్లలు పుడితే కోరుకున్న రంగు, ఈక ఎన్నింటికి వస్తాయి? మిగిలినవాటికి ఎన్ని నెలలు మేత పెట్టాలి? ఆ తర్వాత ఎవరికి ఇవ్వాలి? శంషాబాద్ అవతల ఎకరం తోట ఉన్నవారికి ఇది చిన్న విషయం. మల్కాజిగిరిలోనో మెహదీపట్నంలోనో డాబా మీద రెండు గూళ్లు కట్టుకున్నవారికి ఇదే అసలు విషయం.

ఏ జాతి తీసుకున్నా సగం పిల్లలు పుంజులే అవుతాయి. ఒక గూటికి ఒక పుంజు చాలు. మిగిలిన పుంజులు నాలుగైదు నెలలకు కూత మొదలుపెడతాయి, తెల్లవారుజామున మూడున్నరకే మొదలుపెడతాయి. పక్కింటివారి ఓపిక మీ కోళ్ల జన్యువుల కంటే ముందే తేలిపోతుంది. కాబట్టి పుంజుపిల్లను ఎంత త్వరగా గుర్తుపట్టగలం అన్నది కూడా ఎంపికలో భాగమే. చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఈక కోసం ఎంచుకుంటే

నగరంలో ఎక్కువమంది అడిగేది సిల్కీ. మామూలు ఈకలోని పోగులు సన్నటి కొక్కేలతో ఒకదానికొకటి పట్టుకుని రేకులా నిలుస్తాయి. సిల్కీలో ఆ కొక్కేలు ఉండవు, అందుకే ఈక విడిపోయి బొచ్చులా వేలాడుతుంది. ఇది అంతర్గత లక్షణం, అంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తేనే బయటపడుతుంది. పెంపకందారుకు ఇది మేలే. సిల్కీని సిల్కీతో జత చేస్తే పుట్టినవన్నీ బొచ్చు ఈకలతోనే వస్తాయి, ఈక విషయంలో వృథా లేదు. నల్ల చర్మం, కాలికి ఐదు వేళ్లు, తలమీద కుచ్చు కూడా జాతి లక్షణాలే. నాలుగు వేళ్ల పిల్ల కనిపిస్తే ఎక్కడో వేరే రక్తం కలిసిందని అనుమానించాలి.

సిల్కీతో చిక్కు వేరేచోట ఉంది. నాలుగైదు నెలలు నిండేదాకా పుంజేదో పెట్టేదో చెప్పడం కష్టం. అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. అంటే ఉంచుకోని పుంజులన్నిటికీ అన్ని నెలలూ మేత పెట్టాల్సిందే. రెండోది వాన. కొక్కేలు లేని ఈక నీటిని ఆపలేదు. జూలై జల్లుకు తడిసిన సిల్కీ చర్మం దాకా తడుస్తుంది, ఆ రాత్రికి వణుకు పట్టుకుంటుంది. పైకప్పు సరిగా లేని డాబా మీద దీన్ని పెట్టకపోవడమే మంచిది. తల కుచ్చు మరీ పెద్దదైతే కళ్లు మూసుకుపోతాయి, మేత గిన్నె కనపడదు. కొన్నింటికి పుర్రె పైభాగం ఉబ్బెత్తుగా, ఎముక పూర్తిగా మూసుకోకుండా ఉంటుంది. అలాంటి పిల్లను ఇంకో కోడి తలమీద పొడిస్తే ప్రాణానికే ముప్పు. అందువల్ల పెద్ద కుచ్చు కోసం వెంటపడేవారు సిల్కీలను ఇతర జాతులతో కలిపి ఉంచకూడదు.

వీటన్నిటికీ బదులుగా సిల్కీ ఇచ్చేది దాని తల్లితనం. కింద ఏ కోడి గుడ్లు పెట్టినా పొదుగుకు కూర్చుంటుంది. సొంతంగా పొదగని జాతులు పెంచేవారికి ఒక సిల్కీ పెట్ట దగ్గర ఉంటే, ఇంక్యుబేటర్ కరెంటు పోతుందేమోనన్న బెంగ ఉండదు.

కొచ్చిన్ బాంటం పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, కాళ్ల మీద వేళ్ల దాకా ఈకలు ఉంటాయి. బ్రిటన్‌లో దీన్ని పెకిన్ అంటారు. నా దృష్టిలో హైదరాబాద్‌లో కొత్తగా మొదలుపెట్టేవారికి అన్నిటికంటే తగినది ఇదే. స్వభావం మెత్తన, ఎగరదు, పంజరం ఎత్తు ఎక్కువ అక్కర్లేదు. పుంజుపిల్లలకు ఎర్రజుట్టు ముందుగా రంగు తిరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకే చాలావరకు వేరు చేయవచ్చు. ఈ ఒక్క కారణానికే సిల్కీ కంటే మేత ఖర్చు తక్కువ.

దీని కష్టమంతా కాళ్ల దగ్గరే. వానాకాలంలో కాలి ఈకలకు బురద, రెట్ట గడ్డకట్టి వేళ్ల చుట్టూ గట్టిపడుతుంది. ఆ గడ్డను లాగితే ఈక మొదలు నుంచి రక్తం కారుతుంది, మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి. గోరువెచ్చని నీటిలో నానబెట్టి తీయాలి. నేల మీద ఊక వేస్తే పొడిగా ఉన్నంతవరకూ బాగుంటుంది, తడిస్తే అదే అంటుకుంటుంది. వానాకాలం నాలుగు నెలలూ ఇసుక పరవడం మేలు. కాలి పొలుసుల కింద చేరే గజ్జి పురుగు కూడా ఈకల చాటున కనిపించదు, నెలకోసారి ఈకలు పక్కకు తీసి చూడాలి. వెనకవైపు ఈకలు దట్టంగా ఉండటం వల్ల పుంజు జత కట్టినా గుడ్లలో పిల్ల కట్టకపోవచ్చు. గుడ్లు పోగుచేయడానికి ముందు మలద్వారం చుట్టూ ఈకలు కత్తిరిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఈకలు వెనక్కి, తలవైపు వంకీ తిరిగిన కోళ్లను ఫ్రిజిల్ అంటారు. మన ఊళ్లలో నాటుకోళ్ల గుంపులో కూడా అప్పుడప్పుడు అలాంటిది కనిపిస్తుంది. దీనికి కారణం ఈకలోని కెరటిన్‌కు చెందిన ఒక జన్యువులో మార్పు అని 2012లో తేలింది. ఇది సిల్కీ ఈకకు వ్యతిరేకంగా నడుస్తుంది. ఒక్క ప్రతి వస్తే చాలు ఈక తిరుగుతుంది. రెండు ప్రతులూ వస్తే ఈక పెళుసై విరిగిపోతుంది, పక్షి సగం బోడిగా మిగులుతుంది. రెండు ఫ్రిజిల్‌లను జత చేస్తే నాలుగింట ఒకటి అలాంటిది పుడుతుంది, రెండు ఫ్రిజిల్, ఒకటి మామూలు ఈకది. ఫ్రిజిల్‌ను మామూలు ఈక ఉన్న కోడితో జత చేస్తే సగం ఫ్రిజిల్, సగం మామూలువి, బోడివి అసలే రావు. రెండు పద్ధతుల్లోనూ వచ్చే మంచి ఫ్రిజిల్‌లు సగమే అయినప్పుడు, మొదటి పద్ధతి ఎంచుకోవడానికి కారణమే లేదు. అయినా రెండూ ఫ్రిజిల్‌లే ఉన్న జంటను ప్రత్యేకంగా ఎక్కువ ధరకు అమ్మేవారున్నారు. అలాంటి జంట కొనకండి.

ఎండ విషయంలో ఫ్రిజిల్‌కు ఒక సౌకర్యం ఉంది. ఈక ఒంటికి అంటుకుని ఉండదు కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన ఉపకారి కోళ్లలో ఫ్రిజిల్ రక్తం వాడింది ఈ గుణం కోసమే. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో ఫ్రిజిల్ కొచ్చిన్ బాంటం, మామూలు కొచ్చిన్ కంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. జనవరి రాత్రుల చలికి మాత్రం గూటికి గోనెపట్టా కట్టాలి.

జపనీస్ బాంటం గురించి ముందే చెప్పాలి: ఇందులో గుడ్లలోనే నష్టం ఉంది. దాని పొట్టి కాళ్లకు కారణమైన జన్యువు రెండు ప్రతులూ కలిస్తే పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. పొట్టి కాళ్లవి రెండు జత చేసి పన్నెండు గుడ్లు పెడితే, సగటున మూడు గుడ్లు పోతాయి, ఆరు పొట్టి కాళ్లవి, మూడు పొడుగు కాళ్లవి వస్తాయి. పొట్టి పుంజుకు పొడుగు కాళ్ల పెట్టను జత చేస్తే ఆరు పొట్టివి, ఆరు పొడుగువి, గుడ్డులో నష్టం లేదు. రెండు దారుల్లోనూ పొట్టివి ఆరే! తేడా అంతా మిగిలినవి చచ్చిన గుడ్లా, మేత పెట్టాల్సిన పొడుగు కాళ్ల పిల్లలా అన్నదే. స్థలం లేనివారు మొదటిది, గుడ్డులో చావు చూడలేనివారు రెండోది ఎంచుకుంటారు. నేనైతే పొడుగు కాళ్ల పెట్టలనే ఉంచుకోమంటాను, అవి ఆరోగ్యంగా గుడ్లు పెడతాయి, బాగా పొదుగుతాయి.

సెరామా మలేషియా పక్షి, బరువు అర కిలోకు లోపే, గుడ్లు 19 రోజులకే పగులుతాయి. స్థలం లేనివారికి ఇంతకంటే చిన్న కోడి దొరకదు. రంగు మాత్రం అదృష్టమే, ఒకే జంటకు నాలుగు రంగుల పిల్లలు పుట్టవచ్చు. రంగు ఖాయం చేయాలనుకునేవారు దీని జోలికి వెళ్లకూడదు.

రంగు కోసం ఎంచుకుంటే

నాటుకోళ్లు పెంచిన ఇళ్లలో కాకి, డేగ, సేతువ, మైల అంటూ రంగులు గుర్తుపట్టే అలవాటు ఉంది. ఆ కన్ను ఇక్కడ బాగా పనికొస్తుంది. అయితే ఫ్యాన్సీ కోళ్లలో కంటికి ఒకేలా కనిపించే రెండు రంగులు లోపల పూర్తిగా వేరుగా నడుస్తాయి. నీలం, లావెండర్ అందుకు మంచి ఉదాహరణ. రెండూ బూడిద నీలమే. కొనేవారు తికమకపడేది, అమ్మేవారు కావాలని తికమకపెట్టేది ఇక్కడే.

నీలం రంగు నలుపును సగం పలచన చేసే జన్యువు ఒక్క ప్రతి వల్ల వస్తుంది. రెండు ప్రతులైతే స్ప్లాష్, అంటే తెల్లటి ఒంటి మీద నీలి మరకలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జన్యుశాస్త్రవేత్తలు బేట్‌సన్, పున్నెట్ అండలూసియన్ జాతి కోళ్ల మీద విప్పి చూపిన లెక్క ఇదే. నీలం పుంజును నీలం పెట్టతో కలిపితే సగం నీలం, పావు వంతు నలుపు, పావు వంతు స్ప్లాష్. నలుపును స్ప్లాష్‌తో కలిపితే అన్నీ నీలమే. నీలం కోళ్లు కావాలంటే నీలం కోళ్లు కొనకూడదన్నమాట. ఒక నల్లది, ఒక స్ప్లాష్ కొనాలి. స్ప్లాష్‌ను చాలామంది మచ్చల కోడని తక్కువ ధరకే ఇచ్చేస్తారు, తెలిసినవారు వాటినే వెతుక్కుంటారు.

లావెండర్ అలా కాదు, అంతర్గత రంగు. లావెండర్ జంటకు లావెండర్ పిల్లలే పుడతాయి. లెక్క ఇంత సులువైతే నీలం ఎందుకు అనిపిస్తుంది. కానీ తరతరాలుగా లావెండర్‌లనే జత చేస్తూ పోయిన వంశాల్లో తోక, రెక్కల ఈకలు పీచుపీచుగా చినిగినట్టు వచ్చే లోపం తరచుగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయాలంటే మధ్యలో మంచి ఈక ఉన్న నల్ల కోడితో కలపాలి. ఆ విడతలో పుట్టినవన్నీ నల్లవే. వాటిని మళ్లీ లావెండర్‌తో కలిపితే సగం లావెండర్‌లు. ఒక తరమంతా నల్ల కోళ్లకు మేత పెట్టే స్థోమత ఉంటేనే లావెండర్. చిన్న గూళ్లవారికి నేను నీలమే చెబుతాను.

రెండు లక్షణాలు కలిపి కోరుకుంటే లెక్క గుణకారంలా పెరుగుతుంది. నీలం ఫ్రిజిల్ కొచ్చిన్ పెట్ట కావాలనుకుందాం. మామూలు ఈక ఉన్న నీలం పుంజును నల్ల ఫ్రిజిల్ పెట్టతో కలిపితే నీలం సగం, ఫ్రిజిల్ సగం, పెట్ట సగం. ఎనిమిదింట ఒకటి. అదే మామూలు ఈక ఉన్న స్ప్లాష్ పుంజును నల్ల ఫ్రిజిల్ పెట్టతో కలిపితే అన్నీ నీలమే, కాబట్టి నాలుగింట ఒకటి. పదహారు పిల్లల్లో రెండుకు బదులు నాలుగు దొరుకుతాయి. పుంజును మార్చినందుకే మేత ఖర్చు సగమైంది. ఇంత చిన్న లెక్క కాగితం మీద వేసుకోకుండా వేలకు వేలు పోసి పక్షులు కొనేవారిని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

తెలుపులోనూ రెండు రకాలున్నాయి. సిల్కీలో సాధారణంగా ఉండేది అంతర్గత తెలుపు, లెగ్‌హార్న్ జాతిలో ఉండేది బహిర్గత తెలుపు, అంటే ఒక్క ప్రతి ఉన్నా బయటపడేది. తెల్ల సిల్కీని నల్ల సిల్కీతో కలిపితే తెలుపు మాయమై రంగు పిల్లలు వస్తాయి, పైగా ఆ తెలుపు కింద ఏ రంగు దాగి ఉందో ముందుగా తెలియదు. తెలుపు కావాలంటే తెలుపుతోనే కలపాలి. ఎండలో తిరిగే తెల్ల పుంజుకు మెడ, నడుం ఈకలు పసుపు తిరుగుతాయి. మన ఎండల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. బంగారు గోధుమ రంగు కోళ్లు కూడా ఎండకు వెలిసిపోతాయి, ఒంటి మీద పాత ఈక, కొత్త ఈక వేర్వేరు ఛాయల్లో కనిపిస్తాయి. ఈ రెండు రంగులకూ ఆకుపచ్చ షేడ్ నెట్ తప్పనిసరి. నలుపుకు ఆ బాధ లేదు. మంచి నల్ల కోడి ఎండలో ఆకుపచ్చగా మెరుస్తుంది, ఆ మెరుపు లేని నలుపును పెంపకానికి ఎంచుకోవద్దు.

బూడిద చారల కొచ్చిన్ బాంటం అందంలో కొందరికి నచ్చకపోవచ్చు, డాబా పెంపకందారుకు మాత్రం అదొక వరం. చారల జన్యువు లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పెట్ట దాన్ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. చారల పెట్టకు నల్ల పుంజును కలిపితే, పుట్టిన రోజే నల్ల నూగులో తలమీద తెల్లచుక్క ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. రెండు మూడు నెలలు ఎదురుచూడకుండా మొదటి వారంలోనే పుంజులను ఇచ్చేయవచ్చు. బంగారు రంగు పుంజు, వెండి రంగు పెట్ట జతలోనూ ఇదే సూత్రం: కూతుళ్లు బంగారం, కొడుకులు వెండి. నల్ల నూగు కప్పేయని రకాల్లో ఆ తేడా పుట్టినప్పుడే తెలుస్తుంది.

ఇక సెబ్రైట్. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో సర్ జాన్ సెబ్రైట్ తయారుచేసిన జాతి. బంగారు లేదా వెండి రంగు ఈక, ప్రతి ఈకకూ చుట్టూ సన్నటి నల్ల అంచు. బాంటంలలో ఇంతకంటే అందమైనది లేదని ఒప్పుకుంటాను. దీని పుంజుకు మెడ మీద సూది ఈకలు, తోకలో కొడవలి ఈకలు ఉండవు, పెట్ట ఈకలే ఉంటాయి. పుంజు హార్మోనును చర్మమే పెట్ట హార్మోనుగా మార్చేయడం దీనికి కారణం. చిక్కేమిటంటే గుడ్లలో పిల్ల కట్టడం తక్కువ, పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు, చిన్నపిల్లల్లో చావులు ఎక్కువ. గులాబీ ఆకారపు ఎర్రజుట్టు జన్యువు రెండు ప్రతులూ ఉన్న పుంజుల్లో సంతాన శక్తి తగ్గుతుంది, సెబ్రైట్‌లన్నిటికీ ఆ జుట్టే ఉంటుంది. అంచు కూడా మెడ నుంచి తోక దాకా సమానంగా వచ్చేది విడతకు ఏ ఒకటో రెండో. ఒక సిల్కీ పెట్ట, రెండు మూడేళ్ల అనుభవం, ఖాళీ గూళ్లు ఉన్నవారే సెబ్రైట్ మొదలుపెట్టాలి.

కొనడం, వేరు చేయడం

పాతబస్తీలో చార్మినార్‌కు దగ్గరలోని ముర్గీ చౌక్‌కు వెళ్తే ఈ జాతుల్లో చాలావరకు కంటితో చూడవచ్చు. చూడటానికి మంచి చోటు. పెంపకానికి వంశం కావాలంటే మాత్రం తల్లినీ తండ్రినీ చూపించగలిగే పెంపకందారు దగ్గరే కొనాలి. సిల్కీని నాటుకోడితో కలిపితే మొదటి తరమంతా మామూలు ఈకతోనే, కొన్ని ఐదు వేళ్లతో, నల్ల చర్మంతో వస్తాయి. వాటిని ‘ఇంకా ఈక మారుతుంది’ అని అమ్ముతారు. మారదు. వీధుల్లో గంపల్లో అమ్మే గులాబీ, ఆకుపచ్చ కోడిపిల్లల రంగు ఎంత నిజమో ఈ మాటా అంతే.

కొనేటప్పుడు రెక్క విప్పి చూడాలి. రెక్క మధ్యలో సందు, పక్కకు వాలిన తోక, వంకర ముక్కు, వంకర వేళ్లు ఉంటే రంగు ఎంత బాగున్నా వదిలేయాలి. రంగు ఒకటి రెండు తరాల్లో సరిదిద్దుకోవచ్చు, ఒంటి నిర్మాణం అంత త్వరగా దారికి రాదు. కొత్త పక్షిని మూడు వారాలు వేరే గూట్లో ఉంచాలి. కాళ్లు, రెక్కలు పడిపోయేలా చేసే మారెక్స్ వ్యాధికి టీకా పుట్టిన రోజునే వేయించాలి, కొక్కెర తెగులుకు మొదటి టీకా వారం లోపు పడాలి. ఫ్యాన్సీ కోళ్లకు టీకాలు అక్కర్లేదనుకోవడం ఇంకా కొందరిలో ఉంది. పక్కింట్లో నాటుకోడి ఉంటే తెగులు రావడానికి అది చాలు.

పుంజును మార్చిన వెంటనే గుడ్లు పొదిగించకూడదు. పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాలు నిలుస్తుంది, మూడు వారాలు ఆగిన తర్వాతి గుడ్లే కొత్త జంటవి. కాళ్లకు రంగు రింగులు వేసి ఏది ఎవరి పిల్లో నోటు పుస్తకంలో రాయకపోతే పైన చెప్పిన లెక్కలేవీ పనికిరావు. అన్నాచెల్లెళ్లను జత చేసే అవసరం రాకుండా మొదటే ఒకే రంగులో రెండు వేర్వేరు ఇళ్ల నుంచి పక్షులు తెచ్చుకోవాలి.

పిల్ల నూగును చూసి తొందరపడి తుది ఎంపిక చేయకండి. ఐదారు నెలలకు పెద్ద ఈక పూర్తిగా వచ్చాకే రంగు తేలుతుంది. అవకరాలున్న పిల్లలనూ అదనపు పుంజులనూ మాత్రం గుర్తుపట్టిన రోజే వేరు చేయాలి. ఈక వచ్చే రోజుల్లో మేతలో మాంసకృత్తులు తగ్గితే మంచి వంశపు పిల్లకు కూడా పెళుసు ఈకే వస్తుంది. నూకలు, తవుడు మాత్రమే పెట్టి ఈక బాగా రాలేదని జాతిని తిట్టడం న్యాయం కాదు.

ఒక్క గూడు ఉన్నవారు నలుపు, స్ప్లాష్ కొచ్చిన్ బాంటంలతో మొదలుపెట్టండి. వాన పడని పైకప్పు, రెండు గూళ్లు ఉంటే తెల్ల సిల్కీ. ఎండ ఎక్కువగా కొట్టే డాబా అయితే ఫ్రిజిల్. పుంజు కూత అసలు పడని చోటయితే చారల కొచ్చిన్ పెట్టలకు నల్ల పుంజు, ఆ పుంజును కూడా పెంపకం అయ్యాక స్నేహితుడి తోటకు పంపేయడం. గుడ్లు అక్టోబరులో పొదిగిస్తే నవంబరుకు పిల్లలు బయటికి వస్తాయి, ఏప్రిల్ చివరికి పెద్ద ఈక వచ్చి ఎంపిక పూర్తవుతుంది. మే ఎండలు ముదిరేసరికి గూట్లో ఉండాల్సిన పక్షులే ఉంటాయి. మార్చి తర్వాత గుడ్లు పోగుచేయడం అనవసరం. ఆ వేడికి గదిలో పెట్టిన గుడ్డులోనే పిల్ల కదిలి, సగంలో ఆగిపోతుంది.